క్లయింట్ మళ్లీ అడగక్కర్లేని పని: సొంతంగా నడుపుకునే వర్చువల్ అసిస్టెంట్లకు

వర్చువల్ అసిస్టెంట్ అంటే ఆన్‌లైన్‌లోనే ఉండి మెయిల్స్, మీటింగ్‌లు, ఫైళ్లు లాంటి ఆఫీసు పనులు క్లయింట్లకు చేసిపెట్టే మనిషి. సొంతంగా పనిచేసే వర్చువల్ అసిస్టెంట్ తన పనితీరు కొలుచుకోవడానికి పెద్ద లెక్కలేమీ అక్కర్లేదు. ఒక వారంపాటు క్లయింట్ల నుంచి వచ్చిన మెసేజ్‌లు తీసి చూడండి. “ఆ పని ఎక్కడిదాకా వచ్చింది?”, “వాళ్లకి జవాబిచ్చారా?”, “ఫైలు ఎక్కడ పెట్టారు?” లాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఎన్ని తక్కువుంటే అంత బాగా చేస్తున్నట్టు. క్లయింట్ మీకు డబ్బిచ్చేది ఆ పని సంగతి తను మళ్లీ గుర్తుపెట్టుకోనక్కర్లేనందుకు. మళ్లీ అడగాల్సి వచ్చిందంటే సగం పని ఆయన నెత్తిమీదే మిగిలిపోయింది. వారం ఎలా అమర్చుకోవాలి, ఎంత తీసుకోవాలి, కొత్తవాళ్లను ఎలా తెచ్చుకోవాలి అన్నవన్నీ ఇక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

1. ముందు గంటల లెక్క తేల్చండి

రెండు వారాలపాటు చేసే ప్రతి పనికీ టైమర్ పెట్టండి. టాగుల్, క్లాకిఫై లాంటి యాప్‌లు ఉన్నాయి. వద్దనుకుంటే స్ప్రెడ్‌షీట్‌లో నాలుగు కాలమ్‌లు చాలు: మొదలు, ముగింపు, క్లయింట్, ఏం చేశారు. ఇన్వాయిస్‌లు వేయడం, కొత్తవాళ్లతో మాట్లాడటం, కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం కూడా “సొంతం” అనే పేరు కింద, అదీ ఒక క్లయింటే అన్నట్టు రాయండి. రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసిన లెక్క పనికిరాదు. నాలుగైదు నిమిషాల జవాబులు అప్పటికి గుర్తుండవు, కలిపి చూస్తే గంటలు తినేసేవి అవే.

ఇప్పుడు రేటు. ఏడాదికి 52 వారాలు. సెలవులు, అనారోగ్యం, పని దొరకని రోజుల కింద 6 వారాలు తీసేస్తే 46. వారానికి 40 గంటలు కూర్చున్నా బిల్లు వేయగలిగేవి 25 అని మీ రెండు వారాల లెక్కలో తేలిందనుకుందాం. 46 × 25 = 1150 గంటలు. ఇంటి ఖర్చు, పొదుపు, పన్ను, సాఫ్ట్‌వేర్ చందాలు, ఇంటర్నెట్, ఎప్పుడో ఒకప్పుడు కంప్యూటర్ మార్చడానికి దాచేది అన్నీ కలిపి ఏడాదికి కావాల్సిన మొత్తాన్ని 1150తో భాగించండి. అదీ మీ కనీస గంట రేటు.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసేది, పాత జీతాన్ని ఉద్యోగపు గంటలతో భాగించి రేటు చెప్పడం. అంటే 52 × 40 = 2080తో భాగించినట్టు. అలా వచ్చే రేటు మీకు కావాల్సినదాంట్లో 55 శాతమే. ఆ తేడా పూడ్చుకోవడానికి రాత్రిళ్లు, ఆదివారాలు కూర్చోవాల్సి వస్తుంది. టైమ్ సరిగ్గా వాడుకోవడం రావట్లేదని తమను తాము తిట్టుకునేవాళ్లలో చాలామందికి అసలు జబ్బు రేటులో ఉంటుంది. రేటు సరిచేయకుండా ఎన్ని ప్లానర్లు కొన్నా ఉపయోగం ఉండదు.

25 గంటలున్నాయి కదా అని 25 అమ్మేయకండి. 22 అమ్మండి. మిగతా 3 గంటలు తప్పులు సరిచేసుకోవడానికి, ఉరుములేని పిడుగుల్లా వచ్చిపడే పనులకు. అలాగే ఏ ఒక్క క్లయింట్ నుంచీ మీ రాబడిలో 40 శాతం మించి రాకుండా చూసుకోండి. అంతకు మించితే అది వ్యాపారం పేరుతో ఉన్న ఉద్యోగం, సెలవులూ భద్రతా లేని ఉద్యోగం.

2. ఏం అమ్ముతున్నారో నాలుగు ముక్కల్లో రాయండి

ప్రతి ప్యాకేజీకీ నాలుగు సంగతులు ఉండాలి: ఏం చేస్తారు, ఎంత, ఎప్పుడెప్పుడు, ఏం చేయరు. ఇన్‌బాక్స్ చూసే ప్యాకేజీ ఇలా ఉండొచ్చు:

“ఒక ఇన్‌బాక్స్. పనిదినాల్లో రోజుకు రెండుసార్లు. అక్కర్లేనివి తీసేసి, మిగతావి మూడు లేబుళ్ల కింద పెడతాను: మీరే చూడాల్సినవి, నేను జవాబిచ్చేవి, చదివితే చాలనేవి. ముందే అనుకున్న 10 రకాల మెయిల్స్‌కి నేనే జవాబిస్తాను. మీటింగ్‌లు క్యాలెండర్‌లో పెడతాను. ఫోన్ కాల్స్, అమ్మకాల మెయిల్స్, వారాంతాలు ఇందులో లేవు.”

ఆ చివరి వాక్యం వదిలేస్తేనే గొడవలన్నీ. క్లయింట్ మోసం చేయాలని అదనపు పని అడగరు. మీరు గీత గీయలేదు కాబట్టి గీత ఎక్కడుందో ఆయనకు తెలియదు.

గంటల ప్యాకేజీలైతే నెలకు 10, 20, 40 అని పెట్టడం మామూలు. వాడని గంటల సంగతి ఒప్పందంలోనే రాయండి: 20 శాతం దాకా మరుసటి నెలకు మాత్రమే వెళ్తాయి, ఆ తర్వాత చెల్లవు. ఈ ఒక్క ముక్క లేకపోతే మూడు నెలల గంటలు పోగేసి “ఈ వారం 30 గంటలు కావాలి” అనే క్లయింట్ తగులుతారు. అప్పుడు మిగతావాళ్ల పనులన్నీ వెనకబడతాయి.

గంటకింత మంచిదా, పనికింత మంచిదా? ఒకే పనిని రెండు మూడు నెలలు చేశాక మీ టైమర్‌లో సగటు తెలుస్తుంది. దానికి 15 శాతం కలిపి పనికింత అని మార్చేయండి. చేయి తిరిగి త్వరగా ముగించడం మొదలుపెట్టాక గంటల లెక్క మీకే నష్టం. కానీ పరిశోధన, పాత ఫైళ్లు సర్దడం, వేలకొద్దీ కాంటాక్ట్‌లు శుభ్రం చేయడం లాంటి, లోతు తెలియని పనులకు ఎప్పుడూ గంటల లెక్కే. అలాంటిదాన్ని ఒక మొత్తానికి ఒప్పుకుంటే మునిగేది మీరే.

ప్యాకేజీలో లేని పని అడిగితే “కుదరదు” అనక్కర్లేదు. ఇలా రాయండి: “తప్పకుండా చేస్తాను. ఇది మన ప్యాకేజీలో లేదు, సుమారు 3 గంటలు పడుతుంది. ఈ నెల గంటల్లోంచి తీసుకుని న్యూస్‌లెటర్‌ను వచ్చే వారానికి జరపమంటారా, విడిగా బిల్లు వేయమంటారా?” నిర్ణయం ఆయనది, లెక్క మీది. పావుగంట లోపు పనైతే చేసేయండి, కానీ ఆ వారం రిపోర్టులో “అదనం, బిల్లు లేదు” అని ఒక లైను పెట్టండి. కనిపించని ఉపకారం రెండోసారికి హక్కు అయిపోతుంది.

3. వారం అమరిక

ఒకే రకం పనులన్నీ కలిపి చేయమని ఉత్పాదకత సలహాలు చెప్పేవాళ్లు అంటుంటారు: అందరి మెయిల్స్ పొద్దున, అందరి సోషల్ మీడియా మధ్యాహ్నం. ఒకే సంస్థలో పనిచేసేవాళ్లకు అది సరిపోతుంది. నలుగురు క్లయింట్లున్న వర్చువల్ అసిస్టెంట్‌కు అది ప్రమాదం. ఒకరి ధరల పట్టిక ఇంకొకరి కస్టమర్‌కు వెళ్లేది అలా వరసగా నాలుగు ఇన్‌బాక్స్‌లు తెరిచిపెట్టుకున్నప్పుడే. అందుకని గంటలను క్లయింట్ ప్రకారం విడదీయండి. ఒక్కో క్లయింట్‌కు 60 నుంచి 90 నిమిషాల ముక్క, ఆ లోపల రకాల ప్రకారం పని.

క్రోమ్‌లో క్లయింట్‌కో ప్రొఫైల్ పెట్టుకుని, ఒక్కోదానికీ వేరే రంగు ఇవ్వండి. ఎవరి ముక్క నడుస్తుంటే వాళ్ల విండో ఒక్కటే తెరిచి ఉండాలి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో పంపిన మెయిల్‌ను వెనక్కి తీసుకునే గడువు 5, 10, 20, 30 సెకన్లుగా ఉంటుంది. ప్రతి అకౌంట్‌లోనూ 30 పెట్టండి. తప్పు కనిపించేది సెండ్ నొక్కిన మరుక్షణమే.

మెసేజ్‌లు చూసే వేళలు రోజుకు మూడు చాలు: పని మొదలుపెట్టగానే, మధ్యలో, ముగించడానికి అరగంట ముందు. మిగతా సమయంలో నోటిఫికేషన్లు ఆపేయండి. నిజంగా అత్యవసరమైనదానికి ఒకే ఒక్క దారి చెప్పండి, ఫోన్ కాల్ అనుకోండి, ఏది అత్యవసరమో కూడా రాసివ్వండి: వెబ్‌సైట్ ఆగిపోయింది, ఈరోజు ప్రయాణం మారింది, రెండు గంటల్లో ఉన్న మీటింగ్ రద్దయింది. క్షణాల్లో జవాబివ్వడం మొదటి నెలలో మెప్పు తెస్తుంది. ఆరో నెలలో మీరు భోజనం చేస్తుంటే “ఎందుకు పలకలేదు?” అని అడిగిస్తుంది.

25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం అనే పొమొడోరో పద్ధతి చాలామంది వాడతారు. ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ ఆయన 1980ల చివర్లో తయారుచేసుకున్నది. డేటా ఎంట్రీ, ట్రాన్‌స్క్రిప్ట్ దిద్దడం లాంటి విసుగు పనులకు బాగా పనికొస్తుంది. నలుగురి వీలు చూసి మీటింగ్ కుదిర్చే పనికి పనికిరాదు, అక్కడ మీ చేతుల్లో ఉన్నది సగమే కదా.

సొంత వ్యాపారానికి వారంలో రెండుసార్లు, 90 నిమిషాల చొప్పున, రోజు మొదట్లో కేటాయించండి. రోజు చివర్లో పెడితే ఎప్పుడూ జరగదు. ఒకటి కొత్త క్లయింట్ల కోసం, రెండోది బిల్లులు, పద్ధతులు, నేర్చుకోవడం కోసం. చేతినిండా పని ఉన్నప్పుడు కూడా మొదటిదాన్ని మానకండి. ఈరోజు మాట్లాడినవాళ్లు వారాలు, ఒక్కోసారి నెలలు తర్వాత గానీ క్లయింట్లుగా మారరు. పని అయిపోయాక వెతకడం మొదలుపెడితే ఆ మధ్యకాలమంతా ఖాళీ, ఆ ఖాళీలో ఎంతకైనా ఒప్పుకుంటారు.

4. సమయ మండలాలు

వేరే దేశాల క్లయింట్లుంటే ఏడాదికి రెండుసార్లు ఇక్కడ తప్పు జరుగుతుంది. అమెరికాలో గడియారాలు మార్చి నెల రెండో ఆదివారం గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి జరుగుతాయి. ఐరోపాలో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. అంటే మార్చిలో రెండు లేక మూడు వారాలు, శరదృతువులో ఒక వారం న్యూయార్క్‌కీ లండన్‌కీ మధ్య తేడా మామూలు 5 గంటలకు బదులు 4 గంటలే ఉంటుంది. గడియారం మార్చని దేశాలూ చాలా ఉన్నాయి. ఆ నాలుగు ఆదివారాలను మీ క్యాలెండర్‌లో ఏటా వచ్చేలా పెట్టి, ప్రతిదానికీ వారం ముందు పదేపదే జరిగే మీటింగ్‌లన్నీ ఒకసారి సరిచూడండి.

మీటింగ్ పెట్టేటప్పుడు సమయ మండలాన్ని నగరం పేరుతో ఎంచుకోండి, క్యాలెండర్ మార్పును అదే చూసుకుంటుంది. మెయిల్‌లో ఐఎస్‌టీ, సీఎస్‌టీ లాంటి పొడి అక్షరాలు రాయకండి. ఐఎస్‌టీ అంటే భారత్‌లో ఒకటి, ఇజ్రాయెల్‌లో ఒకటి, ఐర్లండ్‌లో ఇంకొకటి. “గురువారం 14వ తేదీ, మీకు ఉదయం 9, నాకు సాయంత్రం 6:30” అని రెండు వైపులా రాస్తే ఎవరూ లెక్కవేసుకోనక్కర్లేదు.

5. పని పుచ్చుకోవడం, కబురు చెప్పడం

అసలు పట్టు ఇక్కడుంది. మొదటి పేరాలో చెప్పిన ఆ ప్రశ్నలు తగ్గేది ఇక్కడే.

పనులు ఒకే దారిలో రావాలి. పనుల జాబితా పెట్టుకునే ట్రెల్లో బోర్డో, ఆసనా యాపో, ఒక షేర్డ్ స్ప్రెడ్‌షీటో, ఏదైనా సరే, ఒక్కటే. క్లయింట్ మెసేజ్‌లో చెబితే, ఫోన్‌లో చెబితే, మీరే దాన్ని అక్కడ రాసి లింకు పంపండి. ఆయన్ని మార్చాలని చూడొద్దు, మీరు ఎత్తి రాయడమే తేలిక.

ప్రతి పనికీ ఐదు సంగతులు తెలిసే దాకా మొదలుపెట్టకండి. ముగిసింది అంటే ఎలా ఉండాలి? ఏ తేదీకి, ఏ వేళకి? సందేహం వస్తే ఎవరు తేలుస్తారు? కావాల్సిన ఫైళ్లు ఎక్కడున్నాయి? ఎన్ని గంటలు దాటితే ఆగి అడగాలి? ఐదో ప్రశ్నను అందరూ వదిలేస్తారు. “హోటళ్లు కొన్ని వెతికిపెట్టండి” అన్నది ఒకరికి 20 నిమిషాల పని, మరొకరికి 5 గంటల పని. “గంటలోపు వెతికి 3 పంపుతాను, చాలకపోతే చెప్పండి” అని మీరే హద్దు చెప్పేస్తే బిల్లు దగ్గర మాటలు పడవు.

సందేహాలు ఒక్కొక్కటే పంపితే క్లయింట్‌కు మీరే ఇంకో ఇన్‌బాక్స్ అవుతారు. పోగేసి రోజుకు ఒకసారి పంపండి, ప్రతిదానికీ మీ సూచన జతచేయండి: “బుధవారం లోగా జవాబు రాకపోతే రెండోదే ఖాయం చేస్తాను.” ఆయన అవుననో కాదనో అంటే సరిపోవాలి. డబ్బు, ఒప్పందాలు, బయటివాళ్లకు ఇచ్చే మాట ఉన్నచోట మాత్రం ఇలా మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోకూడదు.

వారం చివరి పనిదినాన, ఎప్పుడూ ఒకే వేళకి, ఒక రిపోర్టు పంపండి. పది పన్నెండు లైన్లు మించొద్దు:

ముగిసినవి.
మీ జవాబు కోసం ఆగినవి, ఎప్పటి నుంచి.
వచ్చే వారం చేసేవి.
గంటలు: వాడినవి, మిగిలినవి.
మీకు తెలియాల్సిన ఒక సంగతి.

చివరి లైను కోసం కాస్త కళ్లు తెరిచి ఉండాలి. “మూడు వారాలుగా ఒకే ప్రశ్నతో ఆరు మెయిల్స్ వచ్చాయి, సైట్‌లో సమాధానం పెడితే ఆగుతాయి” లాంటిది. ఇదొక్కటి చాలు, చెప్పింది మాత్రమే చేసేవాళ్ల వరసలోంచి మీరు బయటపడతారు. ఆలస్యం అవుతుందని తెలిసిన క్షణాన, గడువుకు ముందే, కొత్త తేదీతో కబురు పెట్టండి. గడువు దాటాక చెప్పే కారణం ఎంత నిజమైనదైనా సాకులాగే వినిపిస్తుంది.

ఒక పని మూడోసారి చేస్తున్నారంటే, చేస్తూనే దాని దశలు రాసేయండి. స్క్రీన్ రికార్డింగ్ తీసి పెట్టుకోవడం సులభమే కానీ, బటన్ చోటు మారితే వీడియో మొత్తం పాతబడుతుంది. రాసినదైతే ఒక్క లైను మార్చితే పోతుంది. ప్రతి పత్రంలో పైన మూడు ఉండాలి: ఎప్పుడు మొదలవుతుంది, ఎవరి అనుమతి కావాలి, చివర ఏం సరిచూడాలి. న్యూస్‌లెటర్ అయితే ఆ చివరి తనిఖీ ఇది: మీకే పరీక్ష మెయిల్ పంపుకుని, ఫోన్‌లో తెరిచి, లింకులన్నీ నొక్కి, సబ్జెక్ట్ లైను చదివి, ఏ జాబితాకు వెళ్తోందో మళ్లీ చూసి, అప్పుడు షెడ్యూల్ చేయడం. తప్పుడు జాబితాకు వెళ్లిన న్యూస్‌లెటర్‌ను వెనక్కి తెచ్చుకునే దారి లేదు.

6. తాళంచెవులు

పాస్‌వర్డ్‌ను మెసేజ్‌లో పంపించుకోకండి. క్లయింట్ పంపేస్తే, వెంటనే దాన్ని మార్చేయమని అడగండి. బిట్‌వార్డెన్, వన్‌పాస్‌వర్డ్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్లలో షేర్ చేయించుకోవచ్చు. దానికన్నా మంచిది, మీ పేరుతో వేరే యూజర్ పెట్టించుకోవడం. జీమెయిల్‌లో మిమ్మల్ని డెలిగేట్‌గా, అంటే వాళ్ల తరఫున మెయిల్ చూసే మనిషిగా చేరిస్తే పాస్‌వర్డ్ తెలియకుండానే చదవొచ్చు, జవాబివ్వొచ్చు. పాస్‌వర్డ్ మార్చే వీలు మీకుండదు. వర్డ్‌ప్రెస్‌తో నడిచే వెబ్‌సైట్‌లో పోస్టులు రాసి ప్రచురించడానికి ఎడిటర్ పాత్ర చాలు, అడ్మిన్ ఇస్తానన్నా వద్దనండి. సైట్ పాడైన రోజు అడ్మిన్ల జాబితాలో మీ పేరు లేకపోవడమే మీకు మేలు. మీ పేరుతో వేరే యూజర్ ఉంటే ఇంకో లాభం కూడా ఉంది: క్లయింట్ ఫోన్‌కు వచ్చే ఓటీపీ కోసం గంటలు ఎదురుచూడక్కర్లేదు.

ఏఐ టూల్స్‌లో క్లయింట్ మెయిల్స్, కస్టమర్ల వివరాలు పేస్ట్ చేసే ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఏ టూల్, ఏ రకం సమాచారం అని ఒప్పందంలో ఒక లైను ఉంటే చాలు.

7. కొత్త క్లయింట్లు

లోగో, రంగులు, పది పేజీల వెబ్‌సైట్ దగ్గర మొదలుపెట్టకండి. అది పనిలా కనిపించే వాయిదా. మొదట కావాల్సింది పేర్ల జాబితా. పాత సహోద్యోగులు, పాత అధికారులు, కలిసి పనిచేసిన డిజైనర్లు, అకౌంటెంట్లు, 50 పేర్లు రాయండి. వీళ్లను పని అడగకండి. “ఫలానావాళ్లకు ఫలానా పని చేసిపెడుతున్నాను, అవసరమున్నవాళ్లు ఎవరైనా ఉంటే నా పేరు చెప్పండి” అంటే చాలు. మొదటి క్లయింట్ ముక్కూ మొహం తెలియనివాళ్లకన్నా ఈ జాబితా నుంచి వచ్చే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే మీరు మాట మీద నిలబడతారని వీళ్లకు ముందే తెలుసు.

“ఫలానావాళ్లకు ఫలానా పని” అన్నది ఎంత ఇరుకుగా ఉంటే అంత గుర్తుంటుంది. లింక్డ్‌ఇన్ హెడ్‌లైన్‌లో 220 అక్షరాల దాకా పడతాయి. అందులో “కష్టపడే, వివరాలపై శ్రద్ధ ఉన్న వర్చువల్ అసిస్టెంట్” అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. “పాడ్‌కాస్ట్ నడిపేవాళ్లకు రికార్డింగ్ తర్వాతి పనులన్నీ: ఎడిటర్‌తో మాట్లాడటం, షో నోట్స్, అప్‌లోడ్, అతిథులకు కబురు” అంటే చదివినవాళ్లకు ఒక మనిషి గుర్తొస్తారు.

చూపించడానికి పాత పని లేదా? ఊహించుకున్న ఒక వ్యాపారానికి నమూనాలు చేయండి: ఒక వారం రిపోర్టు, ఒక ప్రయాణ ప్రణాళిక, ఒక పని దశల పత్రం. నమూనా అని పైన స్పష్టంగా రాయండి. నిజమైన క్లయింట్ ఫైలును పేర్లు చెరిపేసి చూపించడం కూడా వాళ్ల అనుమతి లేకుండా వద్దు.

పరిచయం లేనివాళ్లకు రాసే మెయిల్ ఐదారు వాక్యాలు దాటకూడదు:

“నమస్కారం. మీ వర్క్‌షాప్ పేజీలో రిజిస్ట్రేషన్ లింకు ఇంకా పోయిన నెల తేదీకే వెళ్తోంది, మీ దృష్టికి తేవాలని రాస్తున్నాను. వర్క్‌షాప్‌లు నడిపే శిక్షకులకు రిజిస్ట్రేషన్లు, గుర్తుచేసే మెయిల్స్, తర్వాతి ఫీడ్‌బ్యాక్ ఫారాలు చూసిపెట్టడం నా పని. రాబోయే వర్క్‌షాప్‌కు ఇవి ఎవరు చూస్తున్నారు? నేను వాడే చెక్‌లిస్ట్ ఒకటి పంపనా?”

మొదటి వాక్యం వాళ్ల గురించే, అదీ ఇంకెవరికీ పంపలేనిదై ఉండాలి. చివర అడిగేది చిన్నదిగా ఉండాలి, కాల్‌కి రమ్మనడం అప్పుడే ఎక్కువ. అటాచ్‌మెంట్ పెట్టకండి. జవాబు రాకపోతే నాలుగు పనిదినాల తర్వాత ఒకసారి, మరో పది రోజుల తర్వాత ఇంకోసారి, అంతే. మూడో మెయిల్ తర్వాత వదిలేయండి.

సొంత డొమైన్‌తో పంపుతుంటే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు పెట్టించండి. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని అందుకునేవాళ్ల సర్వర్‌కు చూపించేవి ఇవే. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో పట్టు బిగించాయి. పెద్ద సంఖ్యలో పంపేవాళ్లకు (గూగుల్ లెక్కలో జీమెయిల్ అకౌంట్లకు రోజుకు సుమారు 5000, ఆపైన) మూడూ తప్పనిసరి, చిన్నవాళ్లకూ ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ఉండాలి. కొత్త డొమైన్ నుంచి మొదటిరోజే యాభై పంపితే స్పామ్‌లో పడతాయి, ఆ తర్వాత క్లయింట్లకు రాసే మామూలు మెయిల్స్ కూడా అటే పోవచ్చు. రోజుకు అయిదు నుంచి పది, ఒక్కొక్కటీ చేత్తో రాసినవి.

పంపినవన్నీ ఒక షీట్‌లో రాయండి: పేరు, ఎక్కడి పరిచయం, ఏ దశ, తర్వాతి తేదీ. తర్వాతి తేదీ కాలమ్ ఖాళీగా ఉండకూడదు, ముగిసిపోతే “ముగిసింది” అని రాయండి. ముప్పై పంపాక షీటే జబ్బు చెబుతుంది. అసలు జవాబులే రాలేదంటే తప్పు జాబితాలోనో, మొదటి వాక్యంలోనో ఉంది. జవాబులొచ్చి కాల్ దాకా వెళ్లట్లేదంటే మీరు చేస్తానన్న పని వాళ్లకు అవసరంలా అనిపించలేదు. కాల్ అయ్యాక ఆగిపోతుంటే కాల్‌లో అడిగే ప్రశ్నలనూ, ప్రపోజల్‌నూ చూసుకోండి. రేటు తగ్గించడం చిట్టచివరి మందు.

ఫ్రీలాన్స్ ప్లాట్‌ఫామ్‌లు మొదట్లో ఉపయోగమే, కమీషన్ కలుపుకుని రేటు పెట్టండి. అక్కడ దొరికిన క్లయింట్‌ను వెంటనే బయటకు తెచ్చుకోవడం నిబంధనలకు విరుద్ధం. అప్‌వర్క్‌లో ఆ కట్టుబాటు రెండేళ్లు. అకౌంట్ పోతే రేటింగ్‌లన్నీ పోతాయి.

మొదటి కాల్ 25 నిమిషాలు. మీ గురించి రెండు నిమిషాలు చాలు. అడగాల్సినవి: గత రెండు వారాల్లో వాయిదా వేసిన పనులేంటి? ఇంతకుముందు అసిస్టెంట్ ఉన్నారా, ఎక్కడ చెడింది? జవాబు ఎంతసేపట్లో రావాలనుకుంటారు? మొదటి నెల చివర ఏం జరిగి ఉంటే ఈ ఖర్చు దండగ కాలేదనిపిస్తుంది? ముందున్న ముగ్గురు అసిస్టెంట్లూ పనికిరానివాళ్లేనని చెబితే నాలుగోది మీరే కాబోతున్నారు. ప్రతిదాన్నీ “ఐదు నిమిషాల పనే” అనేవాళ్లతో, ఉచితంగా ఒక వారం చేసి చూపమనేవాళ్లతో మర్యాదగా తప్పుకోండి.

మాట కుదిరేలా ఉంటే అదే రోజు, ఆలస్యమైతే మర్నాడు, ఒక పేజీ ప్రపోజల్ పంపండి. వాళ్ల మాటల్లోనే సమస్య, మీ ప్యాకేజీ, ధర, మొదలయ్యే తేదీ. మొదట రెండు వారాలు, 10 గంటలు, డబ్బు ముందే తీసుకుని, ఒకే పనిని మొదటి నుంచి చివరిదాకా. పది రకాల పనులు తలా కాస్త చేస్తే ఇద్దరికీ ఏమీ అర్థం కాదు.

తర్వాతి క్లయింట్లు చాలావరకు ఇప్పుడున్న క్లయింట్ల ద్వారానే వస్తారు. మెచ్చుకుంటూ మెసేజ్ వచ్చిన రోజే, నలుగురికి చూపించుకునేలా మీ పని గురించి రాసివ్వమని అడగండి, మూడు నెలలాగి అడిగితే మాటల్లో ఆ వేడి ఉండదు. “ఏదైనా రాసివ్వండి” అంటే ఎవరూ రాయరు. మూడు ప్రశ్నలు పంపండి: నేను రాకముందు ఏది ఇబ్బందిగా ఉండేది? ఇప్పుడు ఏం మారింది? ఎలాంటివాళ్లకు నా పేరు చెబుతారు? జవాబులను కుదించి, మళ్లీ వాళ్లకు చూపించి, సరేనన్నాకే వాడండి.

8. మోసాలు

ఇంటి నుంచి పని వెతుక్కునేవాళ్లను వలేసేవాళ్లు ఉంటారు. చెక్కు ఎక్కువ మొత్తానికి పంపి, తేడాను ఇంకొకరికి పంపమంటారు. ఆ డబ్బు మీరు పంపాక చెక్కు చెల్లదు, పోయింది మీది. మొదటి వారంలోనే గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపమన్నా, వాళ్ల డబ్బు మీ ఖాతాలోంచి దాటించమన్నా, శిక్షణ కోసం మీరే కట్టమన్నా, మీ ఫ్రీలాన్స్ అకౌంట్ అద్దెకివ్వమన్నా అక్కడితో ఆపేయండి. ఖాతాలోంచి డబ్బు దాటించడంలో మీరే కేసులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. క్లయింట్ పేరుతో వచ్చిన చెల్లింపు ఆదేశాన్ని, బ్యాంకు వివరాల మార్పును, ముందు నుంచి మీ దగ్గరున్న నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోండి. ఆ మెయిల్‌లోనే ఉన్న నంబరుకు కాదు.

9. డబ్బు, ధర పెంచడం, ముగించడం

నెల ప్యాకేజీకి నెల మొదట్లోనే బిల్లు. గడువు దాటి 5 రోజులైతే పని ఆగుతుందని ఒప్పందంలో రాసి, నిజంగానే ఆపండి. మొదటి రోజు మామూలుగా గుర్తుచేస్తూ ఒక మెయిల్, మూడో రోజు ఆగే తేదీతో ఇంకోటి.

ధర పెంచాలంటే ముందు కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పండి. ఇద్దరు ముగ్గురు మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాక, పాతవాళ్లకు 60 రోజుల ముందు రెండు లైన్లలో తెలియజేయండి: ఏ తేదీ నుంచి ఎంత. సంజాయిషీలు, మీ ఖర్చుల చిట్టా వద్దు. అందరికీ ఒకే నెలలో పెంచకండి, ఇద్దరు ఒకేసారి వెళ్లిపోతే తట్టుకోవడం కష్టం.

క్లయింట్‌తో పని ముగిసినప్పుడు వరస ఇది. చివరి ఇన్వాయిస్ ముందుగా పంపండి. చేతిలో ఉన్న పనుల జాబితా, ప్రతిదాని స్థితి, దశల పత్రాలు, ఫైళ్ల లింకులు ఒకే పత్రంలో పెట్టి ఇవ్వండి. ఫైళ్ల యాజమాన్యం మీ డ్రైవ్‌లో ఉంటే వాళ్లకు బదిలీ చేయండి, లేకపోతే మీరు ఫోల్డర్ తీసేసిన రోజు వాళ్ల దగ్గరా మాయమవుతుంది. మీకున్న యాక్సెస్‌లన్నిటి జాబితా ఇచ్చి, ఒక్కొక్కటీ తీసేశారని రాతపూర్వకంగా తెప్పించుకోండి. మీ కంప్యూటర్‌లో మిగిలినవి ఒప్పందం ప్రకారం చెరిపేసి, ఆ సంగతి తెలియజేయండి. ఆ తర్వాత 60 రోజులకు క్యాలెండర్‌లో ఒక గుర్తు పెట్టుకుని, కొత్త ఏర్పాటు ఎలా నడుస్తోందో అడుగుతూ రెండు లైన్లు రాయండి.